తాగని మాస్టారు

హాస్టల్, మెట్ల కింది గది

వదినా,

ముందు కోటు సంగతి. అన్నయ్య కుట్టి పంపిన కోటు అందింది. రంగు బావుంది, లోపలి గుడ్డ బావుంది. గుండీలు నువ్వే కుట్టావని చూడగానే తెలిసింది, కోటు చిరిగినా అవి ఊడేట్టు లేవు. అంతా బావుంది కానీ ఎడమ చెయ్యి మణికట్టు దాటి వేళ్ళ మీదికి వచ్చేసింది, కుడి చెయ్యి మోచేతి కిందే ఆగిపోయింది. ఊరికే చూద్దామని వేసుకుని భోజనాల హాల్లోకి వెళ్ళానా, ఆడపిల్లలందరూ పొట్ట పట్టుకుని ఒకటే నవ్వు. "వార్డెన్ మేడమ్, మీ అన్నయ్యగారికి మీ మీద కోపమా?" అని అడిగింది ఒకతి. మా అన్నయ్యంత టైలర్ భూమ్మీద లేడని ఇన్నేళ్ళూ వీళ్ళ దగ్గర కోసిన కోతలన్నీ ఒక్క పూటలో పోయాయి.

సరే, ఇక అసలు విషయం. హాస్టల్ కర్టెన్లకి గుడ్డ వేసే ఏజెంటు వచ్చాడు. మీ షాపుకీ అతనే వేస్తాడట. సైజులు రాసుకుంటూ రాసుకుంటూ, "మీ అన్నయ్యగారు ఈ మధ్య పొద్దున్నే మొదలెడుతున్నారట కదండీ, పాపం" అన్నాడు. ఏం మొదలెడుతున్నాడో నాకు అర్థం కాలేదు. అడిగితే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించాడు. కర్టెన్లూ వద్దు ఏమీ వద్దు, ముందు నువ్వు బయటికి నడవమన్నాను. ఇప్పుడు హాస్టల్‌లో కిటికీలకి దుప్పట్లు కట్టుకుని కూర్చున్నాం.

వదినా, నీకు తెలియంది కాదు. మా నాన్న తాగి ఎక్కడెక్కడ పడిపోయి ఉంటే అక్కడికల్లా వెళ్ళి మోసుకొచ్చింది అన్నయ్యే. మీసాలు కూడా రాని వయసులో. దారిలో తెలిసినవాళ్ళు ఎదురైతే తన చొక్కా విప్పి నాన్న మొహం మీద కప్పేవాడు. అన్నయ్యకి ఆ వాసన వస్తే వాంతవుతుంది. దగ్గు మందు కూడా ముక్కు మూసుకుని తాగుతాడు. అలాంటివాణ్ణి పట్టుకుని ఆ ఏజెంటు అంత మాట అన్నాడు.

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఊఁ, బావున్నాం" అని పెట్టేస్తున్నావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాయితం మీద ఆఁ ఊఁ అనడం కష్టం. అదంతా అబద్ధం అని ఒక్క ముక్క రాయి, చాలు. ఆ కాయితం వాడి మొహానే కొడతాను.

నీ చిన్ని

*

షాపు వెనక గది

చిన్నీ,

కోటు వెనక్కి పంపు, చెయ్యి సరిచేసి పంపిస్తాం. బళ్ళ యూనిఫారాల రోజులు కదా, పని ఒత్తిడిలో పొరపాటు జరిగింది. దానికి అంత హడావిడి చెయ్యకు.

రెండో సంగతి. ఉన్నదే. అప్పుడప్పుడు కొంచెం పుచ్చుకుంటున్నారు. ఈ వయసులో మగవాళ్ళకి మామూలే. నేను చూసుకుంటున్నాను. ఊరంతా చాటింపు వెయ్యాల్సిన పనేం లేదు. ఏజెంటుతో నువ్వెందుకు తగువు పెట్టుకున్నావు? అతను మనకి అరువుకి గుడ్డ ఇచ్చే మనిషి.

ఫోన్ చెయ్యకు. ఆయన ఎప్పుడూ నా పక్కనే ఉంటారు, మాట్లాడటానికి కుదరదు. మిషను దగ్గర కూర్చుంటే మిషను దగ్గర, పొయ్యి దగ్గర నిలబడితే పొయ్యి దగ్గర. పెళ్ళైన కొత్తలో కూడా ఇంత వెంట తిరగలేదు మహానుభావుడు.

మీ హాస్టల్ పిల్లల చేత పరీక్షలు బాగా రాయించు. ఆరోగ్యం చూసుకో.

వదిన

*

హాస్టల్, మెట్ల కింది గది

అన్నయ్యా,

వదిన అబద్ధం చెప్పదు. ఆమే ఒప్పుకున్నాక ఇంక నాకు అడగాల్సిందేమీ లేదు.

అమ్మ పోయే ముందు నీ చెయ్యి పట్టుకుని ఏం అడిగిందో నీకు గుర్తుందా? నాకు గుర్తుంది, నేను మంచం అవతలి వైపు నిలబడి ఉన్నాను. నువ్వు ముట్టనమ్మా అన్నావు. నువ్వు అన్నావు కాబట్టే నేను ధైర్యంగా పెరిగాను. మా ఇంట్లో ఒక్క మగవాడైనా నిలబడి ఉన్నాడని అందరికీ చెప్పుకున్నాను.

చివరికి నాన్న కొడుకువి అనిపించుకున్నావు. మానేసిన రోజు చెప్పు, వస్తాను. అప్పటిదాకా నాకు మొహం చూపించకు.

చిన్ని

*

షాపు వెనక గది

చిన్నీ,

ఎందుకు రాశావు ఆయనకి? నాకు రాయకూడదా? నన్ను నాలుగు తిట్టకూడదా? నాకు అలవాటే, పడతాను కదా.

ఉత్తరం నేను చూడకముందే ఆయన చేతిలో పడింది. చదివారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. కాసేపటికి జేబులో ఏదో తగిలిందని తీసి మళ్ళీ చదివారు. ప్రతిసారీ మొదటిసారే. ప్రతిసారీ అదే ఏడుపు. రాత్రి చొక్కా విప్పించి దాచేద్దామంటే, జేబు గట్టిగా పట్టుకుని "మా చెల్లెలు రాసిందోయ్" అంటారు. దాచలేకపోయాను.

సిగ్గు విడిచి చెప్తున్నాను, విను. మీ అన్నయ్య తాగటం లేదు. చుక్క కూడా ముట్టలేదు. ఆయనకి జబ్బు. మెదడుకి వచ్చే జబ్బు, మతి తగ్గిపోతూ ఉంటుంది, డిమెన్షియా అంటారని డాక్టరుగారు చెప్పారు. పూర్తిగా నయం చేసే మందు లేదన్నారు. ఆ తర్వాత కూడా చాలా చెప్పారు, నా చెవికి ఎక్కలేదు.

మొదట చాక్ ముక్క ఎక్కడో పెట్టి వెతుక్కోవటంతో మొదలైంది. మీ అన్నయ్య పరధ్యానం మనకి కొత్తేం కాదు కదా, నవ్వుకున్నాను. తర్వాత బడివాళ్ళ నిక్కర్లన్నీ ఒకే కాలికి కోసిపెట్టారు, గుడ్డ తాను మొత్తం. బడి గుమాస్తా వచ్చి చూసి, "ఏం మాస్టారూ, తెల్లారకుండానే బిగించారా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను చిన్నీ. నవ్వి, "ఏం చెయ్యమంటారండీ, చెప్తే వినరు" అన్నాను. నోరు ఎలా వచ్చిందో నాకే తెలియదు. కానీ అనగానే గుండె మీంచి బరువు దిగినట్టైంది. గుమాస్తా కోప్పడకుండా, పాపం అని గుడ్డ ఖరీదు కూడా అడక్కుండా వెళ్ళాడు.

నువ్వు తిడతావని తెలుసు. మా ఎదురింటి పెద్దావిడకి ఇలాగే అయితే ఏం చేశారో నీకు గుర్తు లేదేమో. పైగదిలో పెట్టి తలుపేశారు. ఆవిడకి పిచ్చెక్కిందని పిల్లల్ని ఆ ఇంటి వైపు ఆడుకోనివ్వలేదు. ఆవిడ కిటికీలోంచి పిలిచేది, వీధిలో వాళ్ళం తలెత్తకుండా వెళ్ళిపోయేవాళ్ళం. నేనూ తలెత్తలేదు. తాగుబోతుని చూసి జనం నవ్వుతారు, అంతే. మతి పోయినవాణ్ణి చూస్తే జడుసుకుంటారు. మీ అన్నయ్యని చూసి ఎవరూ జడుసుకోకూడదు అనుకున్నాను.

ఇంకొకటి ఉంది. ఇది నా నోటితో ఎవరికీ చెప్పలేను, కాయితానికే చెప్పగలను. ఒకరోజు ఆయన కత్తెర చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయారు. ఎదురుగా గుడ్డ ఉంది, గీతలు గీసి ఉన్నాయి, ఎటు నుంచి కొయ్యాలో తెలియలేదు. నా వైపు తిరిగి, "నాకేమైపోతోందోయ్?" అన్నారు. ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు. చిన్నపిల్లలు సంతలో తప్పిపోయినప్పుడు పెడతారే, ఆ మొహం. ఏం చెప్పను? నీ మతి పోతోందయ్యా, ఇంక రాదు, అని చెప్పనా? "ఏం లేదు, నిన్న కొంచెం తాగారు, దిగిపోతుంది" అన్నాను.

ఆయన మొహం తేటపడింది. "ఓహో, అంతేనా" అన్నారు. తాగితే దిగుతుంది కదా, మానేస్తే బాగవుతాం కదా. కాసేపటికి అర్థమైంది ఆయనకి, ఏం విన్నారో. "నేను తాగానా? నేనా?" అని నేల మీద కూర్చుండిపోయారు. నాన్నలా అయిపోయానా అని అడిగారు. అప్పుడైనా లేదని చెప్పాల్సింది. చెప్పాను కూడా. కానీ అది ఆయన తలలో నిలవలేదు చిన్నీ. పొద్దున తిన్నది నిలవదు, నేను ఎవరితో మాట్లాడానో నిలవదు, తాగానన్నది మాత్రం నిలిచిపోయింది.

ఎవరికీ చెప్పకు. నా మీద ఒట్టు.

వదిన

*

హాస్టల్, మెట్ల కింది గది

వదినా,

నీ ఉత్తరం గుడ్డలు ఆరేసే డాబా మీద నిలబడి చదివాను. అక్కడే కూర్చుండిపోయాను. పిల్లలు వచ్చి లేపారు.

నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, నువ్వు ఎదురుగా ఉంటే జుట్టు పట్టుకునేదాన్ని. ఆ తర్వాత నా మీద వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. మొహం చూపించకు అన్నాను వదినా. ఎవరితో అన్నాను ఆ మాట! ఏ చెయ్యి పట్టుకుని బడికి వెళ్ళానో ఆ చేతిలో పెట్టాను ఆ కాయితం.

హాస్టల్‌కి వచ్చే డాక్టరమ్మని అడిగాను. అన్నయ్య అని చెప్పలేదు, తెలిసినవాళ్ళు అన్నాను. చూశావా, నాకూ సిగ్గే. నిన్నేమంటాను. ఆవిడ నా వంక చూసి, "మీ ఇంట్లోవాళ్ళేనా?" అంది. అప్పుడు ఏడ్చాను. ఆవిడ చెప్పింది విను: ఇది పిచ్చి కాదు, పాపం కాదు, ఎవరి తప్పూ కాదు. గుండెకి జబ్బు వచ్చినట్టే మెదడుకి వచ్చింది. మందులు కొంతవరకే పనిచేస్తాయి. కానీ చుట్టూ ఉన్నవాళ్ళకి తెలిస్తే రోగికి సగం భయం తగ్గుతుందట. వీధిలో వాళ్ళకి చెప్పమంది. షాపులవాళ్ళకి చెప్పమంది. జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టమంది. తలుపు వెయ్యడం కాదు, వీధిని తోడు తెచ్చుకోవడం అంది.

కాబట్టి చెప్పు వదినా. ఒట్టు గిట్టు నాకు చెప్పకు. అన్నయ్య పేరు తాగుబోతని పడితే పడనీ, జబ్బు మనిషని మాత్రం తెలియకూడదంటావు, ఇదెక్కడి లెక్క? ఆయన జీవితమంతా ఒక్క దానికే కష్టపడ్డాడు, నాన్నలా కాకుండా ఉండటానికి. దాన్నే తీసేశాం. నువ్వొక చెయ్యి, నేనొక చెయ్యి వేసి తీసేశాం.

దీంతో పాటు అన్నయ్యకి వేరే ఉత్తరం పెట్టాను. పెద్ద అక్షరాలతో రాశాను. నువ్వు ఎప్పుడూ తాగలేదు, నేను పొరపాటుపడ్డాను, నువ్వంటే నాకు ప్రాణం అని. పాతది తీసేసి ఇది జేబులో పెట్టు. పరీక్షలు అవగానే వస్తాను. నా బదులు ఇక్కడ ఉండటానికి ఎవరూ లేరు, లేకపోతే ఈపాటికి బస్సులో ఉండేదాన్ని.

చిన్ని

*

షాపు వెనక గది

చిన్నీ,

నీ ఉత్తరం ఇచ్చాను. పైకి చదివారు. మొహం వెలిగిపోయింది. "చూశావా, మా చిన్ని!" అని అందరికీ చూపించబోయారు. అంతలో ఏమనుకున్నారో, మడిచి బల్ల మీద పెట్టేశారు. "దానికి జాలి ఎక్కువ. నేను బాధపడతానని అబద్ధం రాసింది" అన్నారు. పాత ఉత్తరం మాత్రం జేబులోంచి తియ్యనివ్వలేదు. నిజం అబద్ధంలా ఉందట, అబద్ధం నిజంలా ఉందట. నేర్పింది నేనే కదా, ఎవరిననాలి.

ఇప్పుడు రోజూ పొద్దున్నే మానేస్తున్నారు. లేచి, మొహం కడుక్కుని, నా ముందు నిలబడి, "ఇవాళ్టి నుంచి ముట్టనోయ్" అంటారు. సరేనండీ అంటాను. మర్నాడు మళ్ళీ మొదటి రోజు.

నువ్వన్నట్టు చెప్పటం నావల్ల కాదు. బేకరీ ఆవిడ దాకా వెళ్ళాను. చెప్దామనే వెళ్ళాను. ఆవిడ రొట్టె పొట్లం కడుతూ, "మాస్టారు ఎలా ఉన్నారు, తగ్గించారా?" అంది. ఎంత ప్రేమగా అడిగిందో తెలుసా? ఆ ప్రేమ పోతుందేమోనని భయం వేసింది. "తగ్గిస్తున్నారండీ" అని వచ్చేశాను. మందుల షాపాయనైతే, కాఫీ చిక్కగా ఇవ్వమ్మా, మత్తు త్వరగా దిగుతుంది అని వైద్యం చెప్తున్నాడు. వీధి వీధంతా నన్ను ఓదారుస్తోంది చిన్నీ, లేని జబ్బుకి.

జబ్బని తెలిస్తే షాపుకి కొలతలివ్వటానికి ఎవరొస్తారు? కొలతలు ఇప్పుడు నేనే తీస్తున్నాను, ఆయన పక్కన టేపు మెడలో వేసుకుని నిలబడతారు. అంతవరకే. కానీ ఆ టేపు మెడలో ఉన్నంతసేపూ ఆయన మాస్టారు. అదీ పోతే ఏం మిగులుతుంది?

పరీక్షలు అయ్యాక రా. అప్పుడు ఇద్దరం ఆలోచిద్దాం.

వదిన

*

ఆసుపత్రి, వరండా బల్ల

చిన్నీ,

ప్రాణానికి భయం లేదు. ముందు అది చదువు. తర్వాత మిగతాది చదువు.

బళ్ళో యూనిఫారాలు ఇచ్చి రావటానికి వెళ్ళాను. ఆయన్ని కూర్చోబెట్టి, పాత కాయితాలు, చాక్ ముక్క ఇచ్చి, గీస్తూ ఉండండి ఇప్పుడే వస్తానన్నాను. బళ్ళో గుమాస్తా లేడు, కాచుకోవాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి ఆయన లేరు. కోటు వేసుకుని, టేపు మెడలో వేసుకుని వెళ్ళారు. ఎక్కడికని వెళ్ళారో ఆయనకీ తెలియదు.

బస్టాపు వెనక తప్ప నేను వెతకని సందు లేదు. ఎవరినీ అడగలేదు. అదీ రాస్తాను, దాచను. అడిగితే ఎందుకు కంగారుపడుతున్నానో చెప్పాలి కదా. పైట గాలికి ఎగురుతుంటే తలొంచుకుని, ఏదో పని మీద వెళ్తున్నదానిలా వెతికాను.

బస్టాపు వెనక మెట్ల దగ్గర జారి పడ్డారు. తుంటి విరిగింది. గోడకి ఆనుకుని ఎండలో కూర్చున్నారు. పొద్దుట్నుంచీ నీడలు పొడుగయ్యేదాకా అక్కడే ఉన్నారు చిన్నీ, మా షాపు నుంచి పిలిస్తే వినిపించేంత దగ్గర. బేకరీ ఆవిడ చూసింది. మందుల షాపాయన చూశాడు. బడి గుమాస్తా బడికి వస్తూ చూశాడు, నాతో అనడానికి మొహమాటపడి ఊరుకున్నాడు. అందరూ మంచివాళ్ళే. నా పరువు పోకూడదని చూడనట్టు పక్కనుంచి వెళ్ళారు.

ఒక్కాయన ఆగాడు. మా వీధివాడు కాదు, బస్సు కండక్టరు, ఈ దారికి కొత్తగా వేశారట. వంగి, "ఏమైంది పెద్దాయనా?" అని అడిగాడు. మీ అన్నయ్య ఏమన్నారో తెలుసా?

"తాగానండీ. సిగ్గుగా ఉంది, చూడకండి. కాసేపు కూర్చుంటే దిగిపోతుంది" అన్నారు.

కండక్టరు నీళ్ళ సీసా పక్కన పెట్టి బస్సెక్కేశాడు. సాయంత్రం అదే బస్సు తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే ఉంటే, అప్పుడు అనుమానం వచ్చి మళ్ళీ దిగాడు. నోటి దగ్గర వాసన చూశాడు. ఏమీ లేదు. అతనే ఎత్తుకుని ఇక్కడికి తీసుకొచ్చాడు, మెడలో టేపు చూసి మా షాపుకి కబురు పంపాడు. ఆసుపత్రిలో నా ఎదురుగా నిలబడి, "ఆయనే చెప్పారమ్మా, తాగానని. లేకపోతే నేను వదిలేవాణ్ణి కాదు" అని ఏడ్చాడు. ముక్కూమొహం తెలియని మనిషి.

ఆయన చెప్పలేదయ్యా, నేను చెప్పించాను అన్నాను. అతనికి అర్థం కాలేదు.

విరిగిన ఎముక నొప్పికి కేక పెట్టాల్సిన మనిషి, అది కూడా తాగుడు వల్లే అనుకుని నోరు మూసుకుని కూర్చున్నారు. నేను చెప్పిన మాట ఆయన మర్చిపోలేదు. అన్నీ మర్చిపోయే మనిషి నా మాట ఒక్కటీ జాగ్రత్తగా దాచుకున్నారు. ఏం చేసుకోను ఈ ప్రాణాన్ని?

మర్నాడు ఆయనకి కట్టు వేస్తుండగా ఇంటికి వెళ్ళాను, బట్టలకి. దారిలో బేకరీ నిండా జనం. లోపలికి వెళ్ళి నిలబడ్డాను. "మా ఆయన తన జన్మలో చుక్క ముట్టలేదు. ఆయనకి మెదడు జబ్బు. డిమెన్షియా. సిగ్గుపడి నేనే తాగుడని చెప్పాను. మీరు నిన్న చూసింది తాగినవాణ్ణి కాదు, తుంటి విరిగినవాణ్ణి" అన్నాను. అరిచానో, మామూలుగా చెప్పానో నాకు గుర్తు లేదు. బేకరీ ఆవిడ చేతిలో రొట్టె కిందపడేసి, గల్లా వెనకనుంచి వచ్చి నన్ను పట్టుకుంది. మందుల షాపాయన మూల నిలబడి ఉన్నాడు. "మా అమ్మకీ ఇదేనమ్మా. మేము చెవుడని చెప్పేవాళ్ళం" అన్నాడు.

పరీక్షలు పోతే పోయాయి, వస్తావా? నాకు భయంగా ఉంది.

వదిన

*

హాస్టల్, మెట్ల కింది గది

వదినా,

తిరిగి చేరాను. బస్సులో ఆ కండక్టరే. టికెట్టు డబ్బులు తీసుకోనంటే పోట్లాడి ఇచ్చాను.

నీ దగ్గర ఉన్నన్ని రోజులూ గట్టిగా ఉన్నాను కదా, ఇక్కడికొచ్చి తలుపు వేసుకున్నాక పోయింది ఆ గట్టితనం. ఒకటే కళ్ళ ముందు ఆడుతోంది. నేను గుమ్మంలో నిలబడగానే అన్నయ్య నన్ను గుర్తుపట్టాడు. నీకు తెలుసు, నువ్వూ ఉన్నావు. లేవలేక, మంచం మీదే ఒళ్ళు కూడదీసుకుని చేతులు జోడించాడు. అన్నయ్య, నాకు! "మానేశానమ్మా" అన్నాడు. "కావాలంటే వాసన చూడు" అని నోరు తెరిచి నా మొహం మీద ఊదాడు.

ఆ పని మేము నాన్నకి చేసేవాళ్ళం. నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాన్న ఇంటికి వస్తే అమ్మ ముందు నన్ను పంపేది, చిన్నపిల్లని కదా, కొట్టడని. నేను వాసన చూసి అన్నయ్య వైపు తల ఊపేదాన్ని. ఆ తల ఊపు కోసం అన్నయ్య తలుపు వెనక కాచుకుని ఉండేవాడు. ఇప్పుడు మంచం మీద కూర్చుని అలాగే నా మొహంలోకి చూస్తున్నాడు, ఏం చెప్తానో అని.

నువ్వు తాగలేదన్నయ్యా, ఎప్పుడూ తాగలేదు అని ఎన్నిసార్లు చెప్పానో. చెప్పేకొద్దీ ఆయన మొహం వాడిపోయింది. తనని క్షమించటం ఇష్టం లేక మాట దాటేస్తున్నాననుకున్నాడు. చివరికి నువ్వు తలుపు దగ్గరనుంచి, "వదిలెయ్ చిన్నీ, మానేసినందుకు మెచ్చుకో" అన్నావు. ఎలాగో, "మంచి పని చేశావన్నయ్యా" అన్నాను. అప్పుడు నిద్రపోయాడు.

చెయ్యని తప్పుకి క్షమించాను వదినా మా అన్నయ్యని. అంతకంటే పెద్ద అన్యాయం నేను ఇంకెవరికీ చెయ్యలేదు.

కానీ నీ వీధిని చూసి వచ్చాను. మందుల షాపాయన పొద్దున్నే వచ్చి కూర్చోవటం, బడి పిల్లలు కిటికీలోంచి "మాస్టారూ" అని పిలవటం. ఆ పిల్లలెవరూ జడుసుకోలేదు చూడు. మనమే జడుసుకున్నాం.

ఇక్కడ పిల్లలందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టి చెప్పాను, మా అన్నయ్యకి ఏం జబ్బో. ఒకమ్మాయి లేచి, మా తాతయ్య కూడా అంతే మేడమ్, ఇంటికెవరైనా వస్తే ఆయన్ని స్టోర్‌రూములో కూర్చోబెడతారు అంది. చెప్పి కూర్చుని ఏడ్చింది. వాళ్ళ నాన్నకి ఉత్తరం రాస్తానంటే సాయం చేశాను.

రోజూ వాసన చూస్తున్నావా? చూడు. నా బదులు చూసి, బావుందని చెప్పు.

చిన్ని

*

షాపు వెనక గది

చిన్నీ,

నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని నడుస్తున్నారు. గుమ్మం దాటితే చాలు, బేకరీ ఆవిడ కేక వేస్తుంది, "మాస్టారు బయల్దేరారోయ్" అని. అటువైపు నుంచి మందుల షాపాయన అందుకుంటాడు. వీధి చివరిదాకా చేతులు మార్చుకుంటూ తీసుకెళ్ళి, మళ్ళీ అలాగే తెచ్చి నాకు అప్పగిస్తారు. షాపుకి గిరాకీ తగ్గింది, నేను అనుకున్నంత కాదు. కొలతలివ్వటానికి వచ్చినవాళ్ళు ఆయన టేపు ముందు నిలబడి, ఆయన చెప్పిన అంకెలకి తల ఊపి, తర్వాత నా దగ్గరికి వచ్చి మళ్ళీ ఇస్తున్నారు. ఎవరూ విసుక్కోలేదు. ముందే చెప్పి ఉంటే ఆ తుంటి విరిగి ఉండేది కాదు. ఆ మాట ఇంక రాయను, నువ్వూ రాయకు.

ఇప్పుడు రాయాల్సింది వేరే ఉంది.

నిన్న పొద్దున లేచి మొహం కడుక్కున్నారు. నా ముందుకి వచ్చి నిలబడతారని వంట ఆపి చూస్తున్నాను. రాలేదు. వెళ్ళి కుర్చీలో కూర్చుని కిటికీలోంచి పిల్లల్ని చూస్తున్నారు. వాసన చూడమనలేదు. ముట్టనని ఒట్టు పెట్టలేదు. జేబులో నీ పాత ఉత్తరం తగిలితే తీసి చూసి, ఎవరిదో అనుకుని నాకిచ్చేశారు. దాన్ని పొయ్యిలో పెట్టాను.

ఎంత సంతోషించానో చెప్పలేను. పోయింది, నా అబద్ధం ఆయన తలలోంచి వదిలిపోయింది, ఇంక ఆయనకి ఏ సిగ్గూ లేదు, బతికాను అనుకున్నాను. సాయంత్రం దాకా ఆగి, నవ్వుతూ పక్కన కూర్చుని, "చిన్నికి ఉత్తరం రాద్దామా?" అన్నాను.

"చిన్ని ఎవరండీ?" అన్నారు.

మీ చెల్లెలు అన్నాను. "నాకు చెల్లెలుందా?" అని ఆశ్చర్యపోయారు. తర్వాత నెమ్మదిగా, "మంచిదేనా?" అని అడిగారు. కోపం ఎక్కువండీ, కానీ మంచిది, మీరంటే ప్రాణం అన్నాను. "అలాగా" అన్నారు, పొరుగువాళ్ళ సంగతి విన్నట్టు.

రోజూ ఆ తాగుడు గురించి ఏడ్చినంతకాలం నీ గురించే ఏడ్చారు చిన్నీ. చిన్ని ఏమందో, చిన్ని వస్తుందా, చిన్ని క్షమించిందా అని. ఆయనలో నువ్వు ఉన్నది ఆ సిగ్గులోనే. అది పోతూ నిన్ను కూడా పట్టుకుపోయింది.

నిజం చెప్తాను. ఆ నిమిషం నాకు నోటి దాకా వచ్చింది. "మీరు తాగారు, అందుకే చిన్నికి కోపం వచ్చింది" అని అంటే మళ్ళీ నీ పేరు గుర్తొస్తుందేమో అనిపించింది. నోరు కూడా తెరిచాను. ఆయన నా వంక చూసి నవ్వారు, హాయిగా, ఏ బరువూ లేకుండా. నోరు మూసుకున్నాను. ఆయన ఏమీ తప్పు చెయ్యలేదు. అలాగే ఉండనిచ్చాను.

నువ్వు రా. వస్తే చేతులు జోడించరు, భయపడరు. ఎవరో మంచిమనిషి వచ్చిందనుకుంటారు. నువ్వు అక్కడ ఏడవకు, వెనక గదిలోకి వచ్చి ఏడువు, నేనూ ఉంటాను.

ఆయన నన్ను ఎప్పుడూ "ఏమోయ్" అనేవారు. నిన్నటి నుంచి "అండీ" అంటున్నారు. నా వంతు దగ్గరికి వచ్చింది. ఆ రోజుకి నువ్వు నా పక్కన ఉండాలి.

వదిన